ముందు వాళ్లకు వినిపించు

పోయిన ఆదివారం పొద్దున పది గంటల పది నిమిషాలకు నగరిలో కుప్పమ్మ ఇంట్లో మరమగ్గాలు ఆపేశారు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది కాబట్టి టైము ఖచ్చితంగా చెప్పగలను. అంతవరకు ఆ ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. మగ్గాలు ఆగినా కొంతసేపు ఆ చప్పుడు నా తలలో ఆడుతూనే ఉంది. కుప్పమ్మ పెంచుకున్న కూతురు సెల్వి చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర కూర్చుంది.

"ఇంగ సదవండి" అంది.

డిల్లీబాబు సంచిలోంచి కాగితాల కట్ట తీశాడు. అది మా కండక్టరన్న రాసిన రెండో నవల. ఆయన పోయి నెల దాటింది. ఆ నవల అచ్చుకు పోవాలా, కట్ట విప్పకుండా మూల పెట్టేయాలా అన్నది ఆ రోజు ఆ ఇంట్లో తేలాలి. తేల్చాల్సిన మనిషి కుప్పమ్మ. ఆయన తోడబుట్టిన అక్క. ఎన్నో ఏళ్లుగా తమ్ముడితో మాట్లాడని అక్క.

ఆయన పేరు ఇక్కడ రాయను. అచ్చేసిన పుస్తకాల మీద కూడా ఆయన పేరు ఎక్కడో వెనకాల, అద్దాలు పెట్టుకుని వెతికితే తప్ప కనపడనంత చిన్నగా ఉండేది. అదేమని అడిగితే, "టికెట్టు మీద కండక్టరు పేరుంటాదా?" అనేవాడు. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల బస్సుల్లో కండక్టరుగా పనిచేసి రిటైరయిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. మాకందరికీ కండక్టరన్న.

నేను ఐరాల పక్క పల్లెదాన్ని. చెరుకు కొట్టడం, బెల్లం వండే దగ్గర కూలి, ఇదే నా పని. నలభై దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దుకున్నాను. ఆ వయసులో చదువు వస్తే ఒక పిచ్చి పడుతుంది. గోడ మీద ఉన్నదీ, పొట్లం మీద ఉన్నదీ, కనపడిందల్లా పైకి చదవాలి. ఒకరోజు చిత్తూరు బస్టాండులో బస్సు ముందర నిలబడి బోర్డు చదువుతున్నాను. కా... ణి... పా... అని. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఫుట్‌బోర్డు మీద నిలబడిన కండక్టరు అరిచాడు.

"అమ్మా, నువ్వు దీర్ఘం తీసేలోపల మా బస్సు కాణిపాకం పోయి తిరుక్కొని వచ్చేస్తాది. ఎక్కి సదువుకో."

"లోపల బోర్డుండదు గదా" అన్నాను.

"లోపల ఇంగా పెద్దదుండాది, రా."

ఎక్కాను. టికెట్టు చించి ఇచ్చాక తోలుసంచిలో చిల్లర కింద నుంచి ఒక పుస్తకం తీసి నా ఒళ్లో వేశాడు. "నేనే రాసినా. సదువు. తిట్టాలనిపిస్తే ఇదే బస్సుకు రా."

ఆ పుస్తకం చదవడానికి నాకు చెరుకు నాటినప్పటి నుంచి కొట్టేదాకా పట్టింది. చదవడం అయిపోయిన రోజే తిట్టడానికి పోయాను. కథ నేతగాళ్ల వీధిది. ఒక పిల్లను మొగుడు వదిలేస్తాడు. పుట్టింటికి వస్తుంది, మగ్గం నేస్తుంది, తల్లీతండ్రీ లేని తమ్ముణ్ని సాకుతుంది. బాగుందిరా అనుకుంటూ చదివితే, చివర్న బావిలో దూకి చచ్చిపోతుంది.

"ఆ పిల్లని ఎందుకు సంపినావు?" అని బస్సులోనే అడిగేశాను.

పక్క సీటు ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "ఎవుర్ని సంపినాడమ్మా కండక్టరు?"

"నువ్వుండు తాతా. ఏమన్నా, మొగుడు ఇడిసిపెడితే బావిలో దూకాల్నా? అట్లయితే మా పల్లెలో బావులన్నీ ఎప్పుడో పూడిపోయుండాల."

బస్సంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. ఎడమ చెవి తమ్మె పట్టుకుని రుద్దుకున్నాడు. "కథకు కావాల్సొచ్చింది" అన్నాడు.

"కథకు కావాల్సొస్తే నువ్వు దూకు. అది మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని నేసే పిల్ల. అదెందుకు దూకుతాది?"

ఆయన చిల్లర లెక్కేసుకుంటున్నట్టు తల దించుకున్నాడు. దిగేటప్పుడు మాత్రం, "ఇప్పుడు తిట్టినావు చూడు, ఆ మాటలే కాయితం మీద పెట్టు" అన్నాడు. నేను రాయడం మొదలుపెట్టింది అట్లా. పొగడ్త విని కాదు.

ఆయన మొదటి నవల అచ్చయిన సంగతి తరవాత ఎప్పుడో చెప్పాడు. పెద్ద ఊళ్లలో పుస్తకాలు వేసేవాళ్లకు పంపితే తిరుగుటపాలో వచ్చేసేదట. ఒకాయన మాత్రం ముగింపు చప్పగా ఉంది, గుండె పిండేట్టు ఉండాలని రాశాడట. ఈయన కూర్చుని ముగింపు మార్చి మళ్లీ పంపాడు. అదీ తిరిగొచ్చింది. "పిండినా వాళ్లకు సాల్లేదు" అని నవ్వేవాడు, చెవి రుద్దుకుంటూ. ఇక ఎవరినీ అడగకుండా తనే అచ్చు వేయించుకున్నాడు. చిత్తూరులో పెండ్లి పత్రికలు అచ్చేసే ప్రెస్సు ఒకటి ఉంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, ప్రెస్సు ఖాళీ. ఆ నెలలో అయితే వాళ్లు దేనికైనా ఒప్పుకుంటారు. ఆయన నవల పోయిన సంవత్సరం మిగిలిపోయిన పత్రికల కాగితం మీద అచ్చయింది. నా దగ్గరున్న కాపీలో కొన్ని పుటలు గులాబీ రంగు. వెలుతురుకు పెట్టి చూస్తే పూలతీగె కనపడుతుంది. ఆ పిల్ల బావిలో దూకే పుట కూడా గులాబీ రంగే. వాసన చూస్తే సెంటు వాసన.

ఆ దారి దొరికాక మా అందరి పుస్తకాలూ ఆయనే వేశాడు, అన్నీ ఆషాఢంలోనే. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు పనిచేసే డిల్లీబాబుది ఒక నవల. నర్సు మేరీ రత్నంది ఒకటి, వాళ్ల నాయన చర్చిలో ప్రసంగం మధ్యలో మాట మరిచిపోయి నిలబడిపోయిన కథ. నాది ఒకటి. ఇంకా ఎందరివో. ప్రెస్సాయన మమ్మల్ని ఆషాఢం రైటర్లు అనేవాడు. సభలు లేవు, శాలువాలు లేవు. పుస్తకం కట్టలు విప్పిన రోజు బస్టాండు బెంచీ మీద తలా ఒక టీ, అంతే. తరవాత ఆ పుస్తకాలు భుజాన వేసుకుని పలమనేరు, పుత్తూరు, మదనపల్లె అని తిరిగేవాడు. రిటైరయ్యాక కూడా బస్సెక్కితే కూర్చునేవాడు కాదు. కమ్మీకి ఆనుకుని నిలబడి, సీటు సీటుకూ వంగి, "సదువుతారా సార్?" అని అడిగేవాడు. కాగితాలను నిలువుగా మడిచి నోట్లు పెట్టుకున్నట్టు వేళ్ల సందుల్లో పెట్టుకునేవాడు. మా రాతల్లో ఏ పుట ఎక్కడుందో ఆ వేళ్లకే తెలిసేది.

తిరుపతిలో రైల్వే గేటు అవతల మిద్దె మీద ఆయన గది. రాసింది ఆయనకు ఇస్తే చదివేవాడు కాదు. రాసినవాళ్లే చదివి వినిపించాలి. ఆయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని వినేవాడు. ఎక్కడైనా మాట అబద్ధంగా వినపడితే, బస్సు ఆపించినట్టు, కళ్లు తెరవకుండానే "హోల్డాన్" అనేవాడు.

"ఆ మాట ఎవురెక్కించినారు? టికెట్టు లేకుండా ఎక్కినాది. దించెయ్."

ఒకసారి డిల్లీబాబుకు కోపం వచ్చింది. "నా బండిలో సగం జనాన్ని దించేస్తే ఎట్లన్నా?" అన్నాడు.

"సగం మందే నిజంగా ఊరికి పోతా ఉండారు నాయనా. మిగతా వాళ్లు ఏసీ కోసం ఎక్కినోళ్లు" అన్నాడు ఈయన. బాగుంటే మాత్రం ఒక్క మాటే, "రైట్" అని. ఆ మాట కోసం మేము ఎండలో ఎంత దూరమైనా పోయేవాళ్లం.

అన్నీ సరిపోయాయి, అచ్చుకిద్దాం అనుకున్నప్పుడు ఆయన అసలు షరతు బయటికి తీసేవాడు. పుస్తకంలో ఉన్న మనుషులు ఎవరో, బతికుంటే, ముందు వాళ్ల దగ్గరికి పోయి ఇది చదివి వినిపించి రావాలి. వాళ్లు ఒప్పుకుంటేనే అచ్చు. వాళ్లు గమ్మున కూర్చుంటే? "ఊరకుంటే ఒప్పుకున్నట్టు కాదు. నోరు తెరిచి అనాల" అనేవాడు. ఈ షరతు విని కొందరు మళ్లీ ఆయన మెట్లెక్కలేదు. డిల్లీబాబు తన సూపర్వైజరు ఇంటికి పోయి, వాళ్ల పెళ్లాం బిడ్డల ముందర, ఆయన లంచ్‌బాక్సు మీద ఎట్లా నిద్రపోతాడో చదివి వినిపించి వచ్చాడు. ఉద్యోగం పోలేదు. పుస్తకం వచ్చాక ఆ సూపర్వైజరే ఫ్యాక్టరీలో అందరికీ చూపించుకున్నాడు.

నా పుస్తకంలో మా తోటికోడలు మంగమ్మ ఉంది. బెల్లం వండే దగ్గర వేడి బెల్లం ఉండ ఒకటి దొంగతనంగా నడుముకు చెక్కుకుని కాల్చుకున్న సంగతి రాశాను. "పోయి వినిపించు, నేనూ వస్తా" అని కండక్టరన్న వెంటబడ్డాడు. పోయాం. మంగమ్మ చేటలో చెనక్కాయలు ఒలుస్తూ విన్నది. దొంగతనం దగ్గరికి వచ్చేసరికి నేను కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. చదివాను. ఒలిచే చేతులు ఆగాయి.

"ఒక ఉండా?" అంది మంగమ్మ.

అవునన్నట్టు తల ఊపాను.

"ఒక్క ఉండకోసరం నడుం కాల్చుకుంటానామే నేను? కొంగు నిండా చెక్కినాను. నీ మొగుడు కూడా తిన్నాడు ఆ బెల్లం, అడుగు పో. రాస్తే సక్రమంగా రాయి, లేకపోతే నా జోలికి రావాకు." అని, రవిక కింద మచ్చ కనపడేట్టు చీర పక్కకు లాగి, "సూడప్పా కండక్టరూ, ఇది ఒక ఉండకు కాలిందేనా?" అంది.

ఆయన నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. ఒక ఉండను కొంగు నిండుగా మార్చాకే ఆ పుట అచ్చుకు పోయింది.

ఆ రోజు తిరిగి వస్తూ ఐరాలలో బస్సు కోసం కూర్చున్నాం. "ఈ షరతు నీకెవరు పెట్టినారన్నా?" అని అడిగాను. రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. మొదటి నవల అచ్చయినాక ఆయన వాళ్ల అక్కకు ఒక మాట కూడా చెప్పలేదు. ఆమెకు చదువు రాదు. వీధిలో ఎవరో పిల్లలు కొనుక్కొచ్చి ఆమె మగ్గం పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించారు. తరవాత ఈయన పోతే ఆమె లోపలికి రమ్మనలేదు, పలకరించలేదు, తల ఎత్తలేదు.

"మొగుడు వదిలేసిన సంగతి, ఇంటి గుట్టు, తీసి వీధిలో పెట్టినా గదా. ఆమెకెంత తలవంపులు" అన్నాడు.

"తలవంపులని ఆమె అనిందా?"

"అనాల్నా?"

"అడిగినావా?"

చెవి రుద్దుకున్నాడు. "ఏమని అడిగేది రెడ్డెమ్మా."

ఆ మధ్యాహ్నమే మంగమ్మ చీర పక్కకు లాగి మచ్చ చూపించింది. రాసినందుకు కాదు, తక్కువ రాసినందుకు కదా దానికి కోపం వచ్చింది. ఆ సంగతి ఆయన కళ్లారా చూశాడు, నవ్వాడు, మాకందరికీ కథలు కథలుగా చెప్పుకున్నాడు. తన అక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలివి ఎక్కడికి పోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నగరికి మాత్రం పోతూనే ఉండేవాడు. బస్టాండులో దిగి, నేతగాళ్ల వీధి మొదట్లోదాకా నడిచి, అక్కడ అంగట్లో టీ తాగి, వచ్చిన బస్సుకే తిరిగి ఎక్కేవాడు. ఆ రూటు కండక్టర్లకు అందరికీ తెలుసు. ఈయన్ను చూడగానే, "ఏమన్నా, రిటర్ను కూడా ఇప్పుడే కొట్టేదా?" అని అడిగేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. నేను తోడు వస్తానని ఎన్నిసార్లో అన్నాను. "ఈ ఆషాఢం కానీ" అనేవాడు. ఆషాఢం వస్తే మాలో ఎవరిదో పుస్తకం ఉండేది. ప్రూఫులు, అట్టలు, కట్టలు. ఇప్పుడు తలుచుకుంటే, మా పుస్తకాలన్నీ ఆయన ఆ వీధిలోకి పోకుండా ఉండేందుకు దొరికిన పనులేమో అనిపిస్తుంది. అట్లా అనుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ అనిపిస్తుంది.

రెండో నవల సంగతి అడిగితే "సగంలో ఉండాది" అనేవాడు, ఏ ఏడాది అడిగినా సగంలోనే. తిరుపతిలో ఒక మీటింగులో ఎవరో పెద్దమనిషి మైకు ముందర, "ఈయన ఒకే నవల రాసి ఆగిపోయారు" అన్నాడు. మాకు ఒళ్లు మండింది. ఈయన లేచి, "బండి నిండిపోయింది సార్, నాకు నిలబడే చోటే మిగిలింది" అన్నాడు. చప్పట్లు కొట్టారు. పక్కన కూర్చున్న నేను ఆయన చేతిని చూశాను. చెవి మీద ఉంది.

ఆసుపత్రిలో చివరి రోజుల్లో డిల్లీబాబు సెలవు పెట్టి ఆయన దగ్గర ఉన్నాడు. అప్పుడు చెప్పాడట. "అది అయిపోయి శానా కాలమైందిరా. వినిపించాల్సిన మనిషి ఒకే ఒకరుండారు. ఆమె రైట్ అంటేనే అచ్చు. లేకపోతే వద్దు." డిల్లీబాబు మంచం పక్క నుంచి నాకు ఫోను చేసి ఏడ్చాడు. అక్కను పిలిపిద్దామా అని అడిగితే ఆయన వద్దన్నాడట. ఆమెను బస్సులో అంత దూరం తిప్పొద్దన్నాడట. తన బతుకంతా బస్సులో జనాన్ని తిప్పిన మనిషి అన్న మాట అది.

అందుకని డిల్లీబాబు, మేరీ రత్నం, నేను ముగ్గురం, వద్దన్నా వినకుండా వెంటవచ్చిన మంగమ్మా, నగరి పోయాం. ముందుగా మేరీ రత్నం ఫోను చేసి అడిగింది. సెల్వి ఎత్తింది. లోపలికి పోయి కనుక్కుని వచ్చి, "రమ్మంటా ఉండాది. మొత్తం సదవాలంట, ఊరికే రెండు ముక్కలు సదివి పోతే కుదరదంట" అని చెప్పింది.

కుప్పమ్మకు చూపు మందగించింది. చేతులు మాత్రం ఖాళీగా ఉండవు. ఒళ్లో నూలు కండె పెట్టుకుని తెగిన పోగులు వేళ్లతోనే వెతికి ముడివేస్తూ కూర్చుంది. ముఖం అచ్చంగా తమ్ముడిదే. చూసి నేను కాసేపు తల తిప్పుకోవాల్సొచ్చింది.

డిల్లీబాబు మొదలుపెట్టాడు. నేతగాళ్ల వీధి, తల్లీతండ్రీ లేని ఒక పిల్లవాడు, బడి, బస్సులు. గొప్పగా రాశాడు. నేను ఊరికే పొగిడేదాన్ని కాదు. మొదటి నవల కంటే ఎన్నో రెట్లు మేలు. ఆడమనిషి ఎవరైనా కథలోకి వచ్చినప్పుడల్లా కుప్పమ్మ వేళ్లు ఆగేవి.

"ఇదేనా?" అని అడిగేది.

"కాదవ్వా, ఈమె పూలమ్మే ఆమె" అనేది మేరీ రత్నం.

మళ్లీ వేళ్లు కదిలేవి. ఇంకొంచెం పోయాక, "ఇదా?"

"ఈమె టీచరమ్మ."

"సరే. పోనీ."

మధ్యాహ్నం సెల్వి సాంబారన్నం పెట్టింది. మగ్గాలు ఆగిపోయినందుకు ఆమెకు చీరలవాళ్లు ఫోను మీద ఫోను. అన్నిటికీ "సాయంత్రం, సాయంత్రం" అని పెట్టేసింది. తిన్నాక మేరీ రత్నం చదివింది. ఆమె గొంతు బొంగురుపోతే చివరి భాగం నేను అందుకున్నాను. నా చదువు ఇప్పటికీ నిదానమే. పిల్లవాడు పెద్దవాడై, కండక్టరు ఉద్యోగం వచ్చి, మొదటిసారి బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి రైట్ అని అరుస్తాడు. అక్కడితో అయిపోతుంది. కాగితం కింద పెట్టాను.

కుప్పమ్మ ఎదురుచూస్తూనే ఉంది. "ఊ, సదువు" అంది.

"అయిపోయిందక్కా."

"అయిపోవడమేంది? నేనెప్పుడొస్తాను?"

మా ముగ్గురికీ అప్పుడు తట్టింది. చదువుతున్నంతసేపూ ఒక్కరం కూడా గమనించలేదు. ఆ పిల్లవాడు బడి నుంచి వచ్చేసరికి అన్నం పెట్టి ఉంటుంది. చొక్కా ఉతికి ఉంటుంది. జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ ఉంటుంది. బడికి పోతుంటే సంచిలో బొరుగుల మూట ఉంటుంది. ఆ పనులు చేసిన మనిషి మాత్రం ఎక్కడా లేదు. రెండోసారి తప్పు చేయకూడదని, అక్కను మొత్తంగా తీసేశాడు.

"ఆ పిల్లోడికి అన్నం ఎవురు పెట్టినారు?" కుప్పమ్మ అడిగింది. "మూట ఎవురు కట్టినారు? దెయ్యం కట్టిందా?"

మేరీ రత్నం ఆమె చేయి పట్టుకుంది. "అవ్వా, నిన్ను పుస్తకంలో పెట్టినందుకు నీకు కోపమొచ్చిందని, అందుకని ఆయన..."

"ఎవురు చెప్పినారు నాకు కోపమని? పెట్టినందుకు కాదమ్మా, సంపినందుకు. మొగుడు నన్ను ఇడిసిపెట్టింది ఈ వీధిలో యెవురికి తెలీదు? అదొక గుట్టా? నన్ను బావిలో దూకించినాడే, అది నాకు గిట్టలేదు. ఆ బావి పక్కనే నీళ్లు తోడి, వాడికి పోసి పెంచినా. మగ్గం నేసి సదివించినా. నేను సావలేదు గదా తల్లీ. ఆ బుక్కు సదివినోళ్లు నా ముందరే 'అయ్యో పాపం' అని కండ్లు తుడుసుకోని పోయేవాళ్లు. బతికుండే దాన్ని అట్ల చూస్తే ఎట్లుంటాది?"

"ఆయన వచ్చినప్పుడు అడగాల్సింది కదా అవ్వా" అన్నాడు డిల్లీబాబు.

"వాడు అడిగుంటే సెప్పుండనా? తప్పు చేసినోడు వాడు, ముందు నేను మాట్లాడాల్నా? ఆ మొదట్లో ఒకసారి మూతి తిప్పుకున్నా, నిజమే. దానికే పారిపోయినాడు. వీధి మొదట్లో వచ్చి నిలబడిపోతాడని సెల్వి సెప్తా ఉండేది. వచ్చినాడని తెలిస్తే నేను తలుపు తీసి పెట్టేదాన్ని. బస్సు పోయిందాకా తీసే పెట్టేదాన్ని."

సెల్వి గడప దగ్గర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మంగమ్మ తల తిప్పి వీధి మొదటి వైపు చూసింది. ఆ టీ అంగడి నుంచి ఈ గడప కనపడుతుంది. నేను వచ్చేటప్పుడే చూశాను. టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఆయన ఇటే చూసి ఉంటాడు. తీసి ఉన్న తలుపును చూసి ఏమనుకున్నాడో. గాలి కోసం తీశారనుకున్నాడేమో.

డిల్లీబాబు కాగితాలు ఒళ్లోకి తీసుకుని, అడగాల్సింది అడిగాడు. "అవ్వా, మరి దీన్ని అచ్చేయమంటావా, వద్దంటావా?"

"ఏసుకోండి. దాంట్లో నేను లేను గదప్పా. నన్నడిగే పనేముండాది?"

ఆ మాట కంటే వద్దని ఉంటే మాకు తేలికగా ఉండేది. కాగితాలు కట్టి సంచిలో పెట్టుకుని లేచాం. నేను చెప్పులు వేసుకుంటుంటే ఆమె తడుముకుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు కూడా రాస్తావంట గదా. ముసిలితనంలో నేర్సుకున్నావంట."

"అవునక్కా."

"అయితే ఆ బుక్కుకు ముందర నువ్వు రెండు మాటలు రాయి. కుప్పమ్మ సావలేదని రాయి. ఆ పిల్లోడికి అన్నం పెట్టింది కుప్పమ్మని రాయి. పేరు పెట్టి రాయి. వాడికి రాసేదానికి భయం. నీకు భయం లేదని నీ మొకం చూస్తేనే తెలస్తా ఉండాది."

మేము వీధి దాటేలోపలే వెనకాల మగ్గాలు మొదలయ్యాయి.

ఇవే ఆ రెండు మాటలు. ఇంత పొడుగయ్యాయి, నాకు పొట్టిగా రాయడం చేతకాదు. కండక్టరన్న షరతు ప్రకారం దీన్ని కూడా అచ్చుకు ముందే కుప్పమ్మకు ఫోనులో చదివి వినిపించాను. సెల్వి ఫోను ఆమె చెవి దగ్గర పట్టుకుంది. ఒక చోట ఆపమంది. అక్కడ ఆమె ఏడ్చిందని రాసి ఉన్నాను. "నేను ఏడవలా, తీసెయ్" అంది. తీసేశాను. మిగతాదానికి నోరు తెరిచి సరే అంది. ఈ పుస్తకం వచ్చే ఆషాఢంలో వస్తుంది. తమ్ముడు బతికుండగా ఒక్కసారి ఆ గడప తొక్కి ఉంటే ఇది ఇంకో పుస్తకం అయి ఉండేది. దాన్ని మేము ఎవరం రాయలేం.

ఆ ఆదివారం ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. పొద్దున చదివిన డిల్లీబాబు. మధ్యాహ్నం చదివిన మేరీ రత్నం. చివర చదివిన నేను, రెడ్డెమ్మ. ఎవరూ పిలవకుండా వచ్చి చివరిదాకా కదలకుండా విన్న మా తోటికోడలు మంగమ్మ. మగ్గాలు ఆపి మాకు అన్నం వండిన సెల్వి. ఆ పిల్లవాడికి అన్నం పెట్టిన కుప్పమ్మ. బతికే ఉంది.